మా ఇంటి సొంత కరెంటు స్తంభం

"ఏమండీ, ఆ స్తంభం పడిందంటే సరిగ్గా మన పడగ్గది మీదే పడుతుంది" అన్నాను.

అప్పటికి స్తంభం రాలేదు. గొయ్యి తవ్వలేదు. "పెరట్లో సొంతంగా ఒక కరెంటు స్తంభం వేయిద్దామనుకుంటున్నా" అని మా ఆయన షిగెమిత్సు అన్నారంతే, ఇంకా నోరు కూడా మూయలేదు. నాకు మాత్రం తుఫాను రావడం, స్తంభం విరగడం, కప్పు పెంకులు పక్క గదిలో మా అమ్మాయి నత్సుహో మంచం మీద కూడా పడడం, అన్నీ కళ్ళకు కట్టేశాయి. నా తత్వమే అంత. గ్యాసు కట్టానో లేదోనని రైలు దిగి వెనక్కొచ్చే మనిషిని.

అలాంటి పిరికిదాన్ని నేనే ఇవాళ చెబుతున్నాను. ప్రతి ఇంటికీ సొంత కరెంటు స్తంభం ఉండి తీరాలి! బియ్యం డబ్బా ఉన్నా లేకపోయినా స్తంభం ఉండాలి!

నవ్వకండి. మీ ఇంట్లోకి వచ్చే కరెంటు ఎలాంటిదో ఎప్పుడైనా ఆలోచించారా? వీధి స్తంభం మీద నుంచి పదిళ్ళకు పంచుకుని వస్తుంది. ఒకింటివాళ్ళ వాషింగ్ మెషీను, ఇంకొకరి మైక్రోవేవు, మూలింటి ముసలాయన మసాజ్ కుర్చీ, అన్నీ దాన్ని తాకి, మురికి చేసి, మిగిలింది మీకు వదులుతాయి. ఒక్క మాటలో చెప్పాలంటే ఎంగిలి కరెంటు! పక్కింటివాళ్ళ ఎంగిలి అన్నం తింటారా మీరు? మరి వాళ్ళ ఎంగిలి కరెంటుతో సినిమా ఎలా చూస్తున్నారమ్మా?

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. నేను చదివింది తొమ్మిదో తరగతి. కరెంటంటే నాకు తెలిసింది ఒక్కటే, తడి చేత్తో ముట్టుకోకూడదని. మిగతాదంతా స్టేషను వెనక ఆడియో కొట్టు నడిపే కుజుమి గారి చలవ.

మా ఆయన చేపల ముద్ద చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ముప్ఫై నాలుగేళ్ళుగా రుబ్బే యంత్రం పక్కనే నిలబడి ఉంటారు. రోజంతా ఆ రోత చప్పుడు విని వచ్చే మనిషికి ఇంట్లో కాస్త శుభ్రమైన చప్పుడు వినాలనిపిస్తే తప్పేముంది? అందుకే మేడ మీది గదిలో హోమ్ థియేటర్ పెట్టుకున్నారు. పెద్ద తెర, ఏడు స్పీకర్లు. ఆయనకి ప్రాణమైన పాత సినిమా ఒకటుంది. అందులో ఒక ముసలి యోధుడు వానలో సత్రం ముందు నిలబడి ఉంటాడు. తలుపు తెరుచుకోదు. అప్పుడు చూరుకు కట్టిన గాలిగంట ఒకే ఒక్కసారి మోగుతుంది. టింగ్! అంతే. ఆ టింగ్ కోసమే ఆయన ఆ సినిమా వందసార్లు చూశారు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మెట్ల మీద నుంచి కేకేశారు. "కినుయే! గంట ఏదీ?"

"ఏ గంటండీ?"

"గాలిగంట! పోయింది!"

పైకెళ్ళాను. ఆయన ఆ ముక్కే వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు. వాన, యోధుడు, తలుపు, టింగ్.

"మోగిందిగా" అన్నాను.

నా వంక జాలిగా చూశారు. మర్నాడు కుజుమి గారి దగ్గరికి వెళ్ళారు. "సార్, మీ యంత్రాలు బంగారం. వాటికి మీరు పెట్టే తిండే చెత్త" అన్నారట కుజుమి గారు. అక్కడ మొదలైంది మా ఇంటి భాగ్యం.

మొదట డిస్క్ ప్లేయరుతో వచ్చిన అరచేతంత అడాప్టరు తీసేసి, దాని స్థానంలో కొత్త పవర్ సప్లై తెచ్చారు. బరువు పది కిలోలు. ధర అడగకండి. నేనూ అడగలేదు, అడిగితే చెబుతారేమోనని. తెచ్చిన రోజునే పలకదట అది. రెండు వందల గంటలు ఊరికే నడుస్తూ ఉండాలట! ఈ ముక్క నాకు ఇట్టే అర్థమైంది. ఊరగాయకని తవుడులో ముల్లంగి పెడతాం, ఆ పూటే తింటామా? ఊరాలి. పవర్ సప్లై కూడా ఊరాలి. ఎనిమిది రోజులు మా మేడ మీద కరెంటు ఊరింది. కాలి కాలి ఇల్లు అంటుకుంటుందేమోనని నేను బకెట్టుతో నీళ్ళు మెట్ల మీద పెట్టుకుని కాపలా కాశాను. ఆ ఎనిమిది రోజుల్లో ఎంత నడుం తగ్గిందో! వ్యాయామం కాదూ ఇది?

ఊరాక సినిమా పెట్టారు. బొమ్మలో నలుపు మునుపటికంటే నల్లబడిందని మా ఆయన మురిసిపోయారు. నిజమే. చీకటి సీనులో నాకు ఎవరూ కనబడలేదు. టీవీ పాడైందేమోనని అడిగితే, "అదే నాణ్యత అంటే!" అన్నారు.

గంట మాత్రం రాలేదు. ఆయనకి.

తర్వాత గోడలో ప్లగ్గులు మార్చారు. ఆస్పత్రుల్లో ఆపరేషను గదికి వాడే రకం. మంచిదే కదా, రేపు ఏ గుండెనొప్పో వస్తే ఇంట్లోనే ఆపరేషను చేయించుకోవచ్చు! తర్వాత కేబుళ్ళు వచ్చాయి. ఒక్కోటీ నా మణికట్టంత లావు. పాములేమోనని మూడు రోజులు ఆ గదిలోకి పోలేదు నేను. ఆ తర్వాత మేడకి వేరే లైను, వేరే మీటరు పెట్టె. ఆ తర్వాత కరెంటు ఏ ఊరి నుంచి వస్తోందన్న చర్చ. ఆయన కళ్ళు మూసుకుని, "ఇవాళ బొగ్గు కరెంటులా ఉంది. కాస్త బరువుగా వస్తోంది" అనేవారు. కొండల్లో నీళ్ళ మీద పుట్టిన కరెంటైతే శబ్దం చల్లగా ఉంటుందట. నది అవతల కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుందనీ, ఇవతల మనది యాభైసార్లేననీ తెలిసిన రోజు నుంచి ఆయన వంతెన మీద నిలబడి, చేజారిపోయిన సంబంధం వంక చూసినట్టు అవతలి ఒడ్డుకేసి చూసేవారు.

దీని వల్ల ఇంటికి జరిగిన మేలు చెప్పమంటారా? సినిమా నడిచేటప్పుడు ఫ్రిజ్ ఆపాలి. అది కరెంటులో తుమ్ముతుందట. కాబట్టి మా ఇంట్లో ఏ రోజు చేప ఆ రోజే. మీ ఇంట్లో ఇంత తాజా తిండి దొరుకుతుందా? కాళ్ళు వెచ్చబెట్టుకునే బల్ల ఆపాలి. కాబట్టి చలికాలమంతా ముగ్గురం ఒకే దుప్పట్లో. ఎంత అన్యోన్యత! మరుగుదొడ్డిలో వేడి సీటు కూడా ఆపాలి. జనవరిలో! అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ అక్కడ కూర్చుని ఫోను చూడటం లేదు. ప్రభుత్వం ఎన్ని ప్రచారాలు చేసినా సాధించలేని పని ఇది.

నత్సుహో స్టేషనులో భోజనం డబ్బాల కొట్లో పనిచేస్తుంది. ఇంటికొచ్చి తల స్నానం చేస్తే జుట్టు ఆరబెట్టుకునే మెషీను వాడకూడదు. తడి తలతో ఎదురింటి ఇసొబె బామ్మ దగ్గరికి పరిగెత్తుతుంది. న్యుమోనియా వస్తుందే అని నేను మొత్తుకుంటాను. "రానీ అమ్మా, ఆస్పత్రి ప్లగ్గులున్నాయిగా మనకి" అంటుంది. ఎంత చమత్కారంగా మాట్లాడటం నేర్చిందో పిల్ల!

వీధి తలుపు గంట కూడా పీకేశారు. చందాలవాళ్ళ బెడద పోయింది.

ఇన్ని చేసినా ఆయనకి గాలిగంట వినబడలేదు. నాకూ నత్సుహోకీ ప్రతిసారీ వినబడుతూనే ఉంది. ఎంగిలి కరెంటులోనూ వినబడింది, ఆస్పత్రి కరెంటులోనూ వినబడింది. ఈ మాట ఒకసారి పైకి అన్నాను. దానికి ఆయన చెప్పిన జవాబు విని తీరాలి మీరు.

"నీ చెవి మొరటుది కినుయే. ఏది పడితే అది వినేస్తుంది. నాజూకైన చెవి అలా కాదు, కరెంటు శుభ్రంగా ఉంటేనే వింటుంది."

చూశారా! మంచి చెవి లక్షణం వినకపోవడం! ఇన్నేళ్ళూ ఈ రహస్యం తెలియక నేను అందరి మాటలూ వింటూ బతికాను. మా ఆయన చెవి ఎంత నాజూకైపోయిందంటే, ఈల వేసే కెటిలు వినదు, ఫోను వినదు, "ఏమండీ, ఉప్పు సరిపోయిందా" అంటే వినదు. పూర్వం కనీసం "ఊఁ" అనేవారు. ఆ ఊఁ కూడా తగ్గుతూ తగ్గుతూ పోయింది. నా మీద విసుగేమో అనుకున్నాను. మొగుళ్ళందరూ ఇంతేలే అని ఇసొబె బామ్మ అంది. "మా ఆయన పోయి పదకొండేళ్ళయింది పిల్లా, ఇప్పుడే కాస్త ఎక్కువ పలుకుతున్నట్టుంది" అంది.

కిందటి వసంతంలో ఒక సాయంత్రం నత్సుహో సైకిలు గోడకి ఆనించి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

"అమ్మా, బజారు వీధి మొదలు నుంచి రైలు గేటు దాకా నాన్న వెనకాలే బెల్లు కొట్టుకుంటూ వచ్చాను. తిరిగి చూళ్ళేదు."

"ఆలోచనలో ఉండి ఉంటారే."

"జనమంతా తప్పుకున్నారమ్మా. కుక్కలు కూడా తప్పుకున్నాయి. నాన్న ఒక్కడే తప్పుకోలేదు." అప్పుడు చెప్పులు విడుస్తూ, "ఇవాళ వెనక ఉన్నది నేను కాబట్టి సరిపోయింది" అంది.

నేను భూకంపానికి భయపడతాను, పైకి అంటాను. తుఫానుకి భయపడతాను, పైకి అంటాను. నత్సుహో పది నిమిషాలు ఆలస్యమైతే కాలవలో పడిందేమోనని వీధంతా వినబడేలా అంటాను. కానీ ఆ సాయంత్రం వేసిన భయాన్ని మాత్రం పైకి అనలేదు. ఉల్లికాడలు తరుక్కుంటూ కూచున్నాను. రోజూ ఆయన ఫ్యాక్టరీ నుంచి ఆ రైలు గేటు దాటే వస్తారు.

ఆ వారమే ఆయన స్తంభం మాట ఎత్తారు. "ఇంక మిగిలింది అదొక్కటే కినుయే. అదయితే గంట తప్పకుండా వస్తుంది" అన్నారు. పండగకి కొత్త బట్టలొస్తాయని చెప్పే పిల్లాడి మొహం పెట్టి అన్నారు. పడితే పడగ్గది మీద పడుతుందని మాత్రమే అనగలిగాను నేను.

వేయించాం. కుజుమి గారి మనుషులు లారీలో తెచ్చి నిలబెట్టారు. పైన మా ఇంటికే సొంతమైన ట్రాన్స్‌ఫార్మరు. మా కరెంటుని ఇంకెవరూ ముట్టుకోరు. మడి కట్టుకుని వస్తుందన్నమాట!

ఆ స్తంభం వల్ల మాకు వీధిలో వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు. మొదటి రోజే రెండు కాకులు వచ్చి కాపురం పెట్టాయి. రెండో రోజు ఎవరో తప్పిపోయిన పిల్లి బొమ్మ అంటించి పోయారు. మూడో రోజు నుంచి వీధిలో కుక్కలన్నీ పాత స్తంభాన్ని వదిలేసి మా దాని దగ్గరికే వస్తున్నాయి. శుభ్రమైన కరెంటు సంగతి మనుషులకంటే వాటికే ముందు తెలిసింది. చెత్త సంచులు వేసే చోటు ఇక మీ స్తంభం కిందికి మార్చుకోవచ్చా అని వీధి సంఘంవాళ్ళు వచ్చి వంగి వంగి అడిగారు. ఇంతకన్నా ఏం కావాలి?

కొత్త కరెంటుతో మొదటి ప్రదర్శన ఆదివారం అని ముహూర్తం పెట్టారు. శనివారం నేను మేడ మీద గది దులిపాను. ఆ పది కిలోల పవర్ సప్లై కొంచెం జరిపేసరికి అది ఒక పక్కకి ఒరిగింది. కింద ఒక కాలు పొట్టి. దాని అడుగున ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి ఇరికించి ఉంది.

విప్పాను. ఫ్యాక్టరీలో ఏటా చేసే ఆరోగ్య పరీక్ష కాగితం. రెండేళ్ళ కిందటిది. ఆ రోజు "అన్నీ బాగున్నాయట" అని చెప్పి, రెండు గిన్నెల అన్నం తిన్న రోజుది. రక్తపోటు బాగుంది, చక్కెర బాగుంది. అడుగున మాత్రం ఇలా ఉంది. "సన్నని శబ్దాలు, రెండు చెవుల్లోనూ వినికిడి తక్కువ. చెవి వైద్యుణ్ణి తప్పక కలవాలి."

దాన్ని మళ్ళీ మడత పెట్టి నా యేప్రను జేబులో పెట్టుకున్నాను. పవర్ సప్లై కాలి కింద ఒక బిస్కట్టు అట్టముక్క పెట్టాను. శబ్దంలో తేడా ఏమీ రాలేదని మనవి.

ఆదివారం కుజుమి గారు కొత్త కోటు వేసుకుని వచ్చారు. ఇసొబె బామ్మ స్తంభానికి శుభాకాంక్షలు చెబుతూ, తను పెంచే గంట కీచురాళ్ళు ఒక పెట్టెడు పట్టుకొచ్చింది. ఎండాకాలం చివర్లో మా దగ్గర అందరూ పెంచుకునేవే. సాయంత్రమైతే చిన్న చిన్న వెండి గంటలు గలగలలాడినట్టు పాడతాయి. పెట్టెని కింద వసారాలో పెట్టి అందరం మేడ ఎక్కాం.

వాన. యోధుడు. తలుపు. నేను తెర వంక చూడలేదు, మా ఆయన వంక చూశాను. ఆయనా తెర వంక చూడటం లేదు. మా మొహాల వంక చూస్తున్నారు.

టింగ్!

"ఆహా!" అన్నారు కుజుమి గారు. "ఓ" అంది నత్సుహో. "అదేనా" అంది బామ్మ. ఆ ముగ్గురి మొహాలూ మారాక, సరిగ్గా ఒక్క క్షణం తర్వాత, "ఆహా!" అన్నారు మా ఆయన.

"వినబడిందా సార్?"

"ఎంత స్పష్టంగా!" అన్నారు. ఆయన చెయ్యి మోకాలి మీద చొక్కా అంచుని నలుపుతోంది. కుజుమి గారు వంగి దణ్ణం పెట్టి, స్పీకర్లకి కూడా విడివిడిగా పవర్ సప్లైలు పెట్టిస్తే ఇంకా బాగుంటుందని చెప్పి వెళ్ళారు.

అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఇప్పుడు చెప్పండి. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. మద్దెల మార్చారు, మద్దెలకి తోలు మార్చారు, మద్దెలకి పెరట్లో స్తంభం పాతించారు! కొండల దగ్గర నుంచి మా మేడ దాకా తీగలన్నీ మార్చాం. స్పీకరుకీ మనిషికీ మధ్య మిగిలిన చివరి జానెడు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. చెవి డాక్టరు మా వీధి చివరే ఉంటాడు. నడిస్తే అయిదు నిమిషాలు. స్తంభం రావడానికి అయిదు నెలలు పట్టింది. అయినా స్తంభమే దగ్గరనిపించింది మా ఇంట్లో. ఆయనకే కాదు, నాకు కూడా.

అందరూ వెళ్ళాక సాయంత్రం ఆయన వసారాలో కీచురాళ్ళ పెట్టె ముందు కూర్చున్నారు. నేను పళ్ళెంలో టీ పట్టుకొచ్చాను. పురుగులు ఎంత గట్టిగా పాడుతున్నాయంటే, వీధి అవతల నుంచి ఇసొబె బామ్మ "కొత్త ఇల్లు నచ్చిందే వాటికి!" అని కేకేసింది.

మా ఆయన పెట్టె మూత దగ్గరికి వంగి చూస్తున్నారు. మగ పురుగు ఒకటి రెక్కలు నిలబెట్టి వణికిస్తోంది.

"బామ్మ మంచివి ఇవ్వలేదు కినుయే. రెక్కలు ఆడిస్తున్నాయి గానీ పలకడం లేదు."

టీ పళ్ళెం కింద పెట్టాను.

"వీటికి ఏం వేశావు?" అన్నారు.

"దోసకాయ ముక్క. వంకాయ."

"సూపర్ మార్కెట్టుదా? అదీ సంగతి. రేపు రైతు దగ్గర మంచిది కొను. తిండి బాగుంటే పలుకుతాయి."

పాఠకులారా, ఇక్కడ నాకు నవ్వు రావాలి. కుజుమి గారైనా కీచురాళ్ళకి పవర్ సప్లై అమ్మలేకపోయారే, మా ఆయనకి ఆ ఆలోచన వచ్చింది! నవ్వబోయాను. రాలేదు.

ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాను, నా పెదాలు కనబడేలా. జేబులోంచి ఎనిమిది మడతల కాగితం తీసి, దోసకాయ ముక్క పక్కన పెట్టాను.

ఆయన వెంటనే గుర్తుపట్టారు.

"అది తీసేస్తే పవర్ సప్లై ఊగదూ?" అన్నారు.

"ఊగనివ్వండి. ఏమండీ, ఇవి పాడుతున్నాయి. మీరు వచ్చి కూర్చున్నప్పటి నుంచీ పాడుతూనే ఉన్నాయి. వీటికి ప్లగ్గు లేదు, తీగ లేదు, స్తంభం లేదు. ఆ రైలు గేటు దగ్గర కూడా రోజూ గంట మోగుతుంది. మీరు ఎప్పుడైనా విన్నారా, గేటు కర్ర దిగడం చూసి ఆగుతున్నారా? నాకు భయంగా ఉందండీ. రేపు నాతో చెవి డాక్టరు దగ్గరికి వస్తారా?"



ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మౌనాలు నాకు కొత్త కాదు. కానీ ఈసారి మాట వినబడనందువల్ల వచ్చిన మౌనం కాదు. ప్రతి మాటా నా పెదాల మీద నుంచి ఏరుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కొత్త కేబులు వచ్చిన రోజు ఎలా వినేవారో అలాగే, మెడ కొంచెం వంచి, ఊపిరి బిగబట్టి, ఆ పెట్టె ముందు కూర్చున్నారు. టీ చల్లారింది. గుమ్మం దగ్గర నత్సుహో వచ్చి నిలబడింది, లోపలికి రాలేదు. స్తంభం మీద కాకులు సర్దుకున్నాయి. పురుగులు మాత్రం ఒక్క క్షణం ఆపలేదు.

ఆయన యాంప్లిఫయరు వేడెక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. నేను ఎప్పుడూ ఆగాను దానికి. దీనికీ ఆగాను.

చివరికి కళ్ళు తెరిచి, ఆ కాగితాన్ని అరచేత్తో చదును చేస్తూ అడిగారు.

"ఎన్నింటికి తెరుస్తాడు?"